ఒకే కాన్పు, పదకొండు లాగ్ బుక్కులు: ఒక నర్సింగ్ కాలేజీ గుర్తింపు కేసు

ఈ కేసు ఏడెనిమిదేళ్ళ కిందటిది. అప్పటికి తిరుపతి ఇంకా చిత్తూరు జిల్లాలోనే ఉంది. కాలేజీని, మనుషుల్ని గుర్తుపట్టే వివరాలన్నీ తీసేశాను. అంకెల్ని కొంచెం అటూ ఇటూ మార్చాను కానీ వాటి మధ్య లెక్క చెదరకుండా చూసుకున్నాను. ఈ కేసంతా ఆ లెక్కలోనే ఉంది మరి.

నేపథ్యం

నేను చాలా ఏళ్ళు నర్సింగ్ పాఠాలు చెప్పి ప్రిన్సిపాల్‌గా రిటైరయ్యాను. ఇప్పుడు ఇన్‌స్పెక్షన్‌కు సిద్ధమయ్యే కాలేజీలకు సలహాలిస్తుంటాను. నన్ను పిలిచేవాళ్ళు దాదాపు అందరూ ఒకే మాట అంటారు: "ఫైలు సర్దిపెట్టండి మేడమ్." ఈ కాలేజీ కరస్పాండెంట్ గారూ అదే అన్నారు.

కాలేజీ తిరుపతికి అరగంట బస్సు దూరంలో ఉంటుంది. బీఎస్సీ నర్సింగ్, ఏడాదికి 60 సీట్లు. అప్పటికి నాలుగు బ్యాచ్‌లు నిండి ఐదో ఏడు నడుస్తోంది. అదే ట్రస్టుకు 150 పడకల లైసెన్సుతో సొంత ఆసుపత్రి ఉంది, దాన్నే పేరెంట్ హాస్పిటల్ అంటాం. పిల్లలు ఎక్కువగా పీలేరు, పుంగనూరు, సత్యవేడు, కుప్పం వైపు పల్లెల నుంచి వచ్చినవాళ్ళు. చదువయ్యాక బెంగళూరో చెన్నైయో పోయి, అక్కణ్ణుంచి గల్ఫ్ దేశాలకు పోవాలని వాళ్ళ ఆశ. గుర్తింపు పోతే నర్సుగా రిజిస్ట్రేషన్ దగ్గరే ఆగిపోతారు. ఆ భయం మేనేజ్‌మెంటు కంటే పిల్లల తల్లిదండ్రుల్లో ఎక్కువ ఉండేది.

ఈ రంగం తెలియనివాళ్ళకు ఒక్క మాట. నర్సింగ్ కాలేజీకి అనుమతి ఒక్క తలుపు దగ్గర దొరికేది కాదు. రాష్ట్ర ప్రభుత్వం ఉత్తర్వు, రాష్ట్ర నర్సుల కౌన్సిల్ గుర్తింపు, బీఎస్సీకి విజయవాడలోని ఆరోగ్య విశ్వవిద్యాలయం అఫిలియేషన్, వీటన్నిటి మీద 1947 నాటి చట్టంతో ఏర్పడిన ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ ప్రమాణాలు. ఒక్కో తలుపు దగ్గర ఒక్కో ఫారం, కొలత మాత్రం ఇంచుమించు ఒకటే. పదిమంది విద్యార్థులకు ఒక టీచరు ఉండాలి. వార్డులో ఒక్కో విద్యార్థికి ముగ్గురు రోగులు ఉండాలి. ఆసుపత్రి మంచాల్లో కనీసం 75 శాతం నిండి ఉండాలి. బయటి ఆసుపత్రితో ఒప్పందం చేసుకుంటే అది 15 నుంచి 30 కిలోమీటర్ల లోపే ఉండాలి.

వచ్చిన సమస్య

కౌన్సిల్ నుంచి వచ్చిన లోపాల లేఖలో ఐదు అంశాలున్నాయి. ఎమ్మెస్సీ అధ్యాపకులు చాలరు, ప్రసూతి నర్సింగ్‌లో అసలు లేరు. విద్యార్థి–రోగి నిష్పత్తి సరిపోదు. లాగ్ బుక్కుల్లో, అంటే విద్యార్థులు తాము చేసిన కేసులు రాసుకునే పుస్తకాల్లో, నమోదులు నమ్మదగ్గవి కావు. ల్యాబుల్లో సాధన చేసే మనిషి బొమ్మలు తక్కువ. లైబ్రరీలో పుస్తకాలు పాతవి. నెల రోజుల్లో జవాబివ్వాలి, అప్పటిదాకా కొత్త అడ్మిషన్లు ఆపాలి.

మేనేజ్‌మెంటు ఆ లేఖను కింది నుంచి పైకి చదివింది. పుస్తకాలు కొనొచ్చు, బొమ్మలు కొనొచ్చు, అధ్యాపకుల్నీ ఏదో విధంగా తేవచ్చు. మధ్యలోని రెండూ వాళ్ళ కంటికి కేవలం కాగితాల గొడవలా కనపడ్డాయి. నేను మాత్రం మూడో అంశం దగ్గర ఆగిపోయాను. "నమ్మదగ్గవి కావు" అని ఇన్‌స్పెక్టర్లు ఊరికే రాయరు.

నాలుగో ఏడాది పిల్లల మిడ్‌వైఫరీ కేస్ బుక్కులు, అంటే కాన్పుల లాగ్ బుక్కులు తెప్పించి, లేబర్ రూం రిజిస్టరు పక్కన పెట్టుకుని ఐపీ నంబర్లు (ఆసుపత్రిలో చేరిన రోగికి ఇచ్చే నంబర్లు) సరిచూశాను. ఒకే రోజు, ఒకే తల్లి, ఒకే ఐపీ నంబరు మీద పదకొండు మంది "నేనే కాన్పు చేశాను" అని రాసుకున్నారు. ట్యూటర్ పదకొండింటి మీదా సంతకం పెట్టింది. ఇంకో తల్లిది సిజేరియన్; ఆమె పేరు మీద ఐదుగురు మామూలు కాన్పు రాసుకున్నారు. ఇన్‌స్పెక్టర్లు చేసిందీ ఇదే అయ్యుంటుంది. రిజిస్టరూ పుస్తకాలూ పక్కపక్కన పెడితే పావుగంట పని.

పిల్లల్ని తిట్టడం సులువు. ఆ బ్యాచ్‌లు చదివింది పాత సిలబస్. దాని ప్రకారం ఒక్కో విద్యార్థిని 30 గర్భిణీ పరీక్షలు, 20 మామూలు కాన్పులు, 20 బాలింత కేసులు పూర్తిచేయాలి. అన్ని కాన్పులు అసలు ఆ ఆసుపత్రిలో ఉన్నాయా అని ఐదేళ్ళలో ఎవరూ అడగలేదు.

మొదట చేసింది, ఎందుకు దెబ్బతింది

ఇక్కడ నా తప్పుంది, దాచను. నెల గడువు చూసి కంగారుపడ్డాను. కొనగలిగినవి కొని, నియమించగలిగినవాళ్ళను నియమించి, మిగతా రెండింటికీ "చర్యలు తీసుకుంటున్నాం" అని రాస్తే ముందు అడ్మిషన్లు తెరుచుకుంటాయి, లోపలి జబ్బు తర్వాత చూసుకోవచ్చు అనుకున్నాను. గడువు పెంచమని అడగవచ్చన్న ఆలోచనే రాలేదు. అడిగితే ఇచ్చేవాళ్ళేమో కూడా.

కరస్పాండెంట్ గారు ఉత్సాహంగా పనిలో దిగారు. గోడలకు రంగులు పడ్డాయి, లేఖలో రంగుల ఊసే లేకపోయినా. ప్రసవం బొమ్మలు మూడు వచ్చాయి. నలుగురు ఎమ్మెస్సీ అధ్యాపకుల నియామక పత్రాలు నా టేబుల్ మీదకు వచ్చాయి. చేరినట్టు పత్రాలున్నాయి, పాత చోట వదిలినట్టు రిలీవింగ్ ఆర్డర్లు లేవు. ఒక్క రోజు ఆగి అడగాల్సింది. అడగలేదు.

జవాబు తిరిగొచ్చింది. రెండు, మూడు అంశాలకు సమాధానమే లేదన్నారు. పైగా కొత్త అధ్యాపకుల్లో ఇద్దరు వేరే కాలేజీ జాబితాలోనూ ఉన్నారన్నారు. నర్సులకు ఇప్పుడు ఆధార్‌తో ముడిపడిన జాతీయ గుర్తింపు సంఖ్య ఉంది. ఒకే మనిషి రెండు కాలేజీల్లో కనపడితే కంప్యూటరే పట్టిస్తుంది. ఒక జిల్లాలో ఇన్‌స్పెక్షన్ అవగానే అదే టీచర్లు బస్సెక్కి పక్క జిల్లాకు పోయే రోజులు నేను చూశాను. ఆ రోజులు పోయాయని కొందరు మేనేజర్లకు ఇంకా తెలియదు.

మంచాలు నింపే ఆలోచన

తర్వాతి మీటింగులో కరస్పాండెంట్ గారు విసిగిపోయి ఉన్నారు. "పెయింటు కొట్టిస్తిమి, బొమ్మలు తెప్పిస్తిమి, జీతాలు పెంచితిమి. ఇంకేం కావాల మేడమ్ వాళ్ళకి?" అన్నారు. పక్కనున్న మేనేజరు ఉపాయం చెప్పాడు: ఇన్‌స్పెక్షన్ నాడు ఉచిత వైద్య శిబిరం పెట్టి, పల్లెల నుంచి ఆటోల్లో జనాన్ని తెచ్చి మంచాలు నింపుదామని. భోజనం పెడితే వస్తారట.

నేను ఒప్పుకోలేదు. నీతి సంగతి ఒకటి. దాన్ని పక్కన పెట్టినా ఆ ఉపాయం నిలవదని వాళ్ళకు అర్థమయ్యేట్టు చెప్పాల్సి వచ్చింది. అనుభవమున్న ఇన్‌స్పెక్టరు మంచం మీది మనిషిని చూడదు. చేతికి సెలైన్ ఎక్కించే కాన్యులా ఉందా, కేస్ షీటులో నిన్నటి నైట్ డ్యూటీ నోట్స్ ఉన్నాయా, ఫార్మసీ ఇండెంటులో ఆ వార్డుకు మందులు పోయాయా, డైట్ రిజిస్టరులో ఎన్ని భోజనాలు రాశారు, ల్యాబు బిల్లులు ఎన్ని అని చూస్తుంది. నిజం రోగి వెనక ఇన్ని చోట్ల జాడ ఉంటుంది. ఇన్ని రిజిస్టర్లు దొంగగా రాయడం కంటే ఆసుపత్రి బాగా నడపడమే తక్కువ ఖర్చు అన్నాను. నీతి మాటకు కదలని మనిషి ఖర్చు మాటకు కదిలాడు.

రెండో ప్రయత్నం: ఊళ్ళో పెద్దాసుపత్రి

పేరెంట్ హాస్పిటల్లో రోగులు చాలకపోతే బయటి ఆసుపత్రితో ఒప్పందం చేసుకోవచ్చు. దూరమూ నిబంధన లోపలే. తిరుపతి వైద్యానికి పేరున్న ఊరు. ఇటు కడప వైపు నుంచి, అటు తమిళనాడు సరిహద్దు నుంచి రోగులు వస్తారు. కాబట్టి ఊళ్ళోని ఒక పెద్ద ఆసుపత్రికి ఫీజు కట్టి పోస్టింగు తీసుకున్నాం. కాగితం మీద రెండో అంశం తీరిపోయింది.

నేను రెండు వారాలు పిల్లలతో బస్సులో పోయి చూశాను. మెడికల్, సర్జికల్, పిల్లల వార్డుల్లో లాభం కనిపించింది. లేబర్ రూంలో మాత్రం సున్నా. మాలాంటి కాలేజీలవాళ్ళు అప్పటికే అక్కడ బోలెడుమంది. మా పిల్లలు తొమ్మిదికి చేరి ఒంటిగంటకు బస్సెక్కుతారు. వచ్చిన ట్యూటర్ ఒక్కామె, మిగతావాళ్ళు కాలేజీలో క్లాసులు చెప్పాలి. ట్యూటర్ లేని విద్యార్థిని వార్డులో బీపీ చూసే మనిషిగా, దుప్పటి మార్చే మనిషిగా మిగిలిపోతుంది. అక్కడి ఇన్‌ఛార్జి సిస్టర్ ముఖం మీదే చెప్పింది: "ఒకామె కాన్పుకి మీ పిల్లోళ్ళు పదిమంది వచ్చి చుట్టూ నిలబడతా ఉండారు మేడమ్. ఆయమ్మ నొప్పులకన్నా సిగ్గుతో ఎక్కువ అల్లాడతా ఉంది."

ఆ మాటతో నాకు విషయం బోధపడింది. మనం ఆసుపత్రి మార్చాం, పిల్లలు పోయే వేళ మార్చలేదు. పిల్లలు గుంపుగా పోయే పద్ధతీ మార్చలేదు. పదకొండు మంది ఒకే కాన్పు రాసుకోవడం అక్కడా జరుగుతుంది, కాకపోతే పెద్ద ఆసుపత్రి ముద్రతో.

లెక్క వేయడం

అప్పుడు మొదట చేయాల్సిన పని చివరికి చేశాను. పేరెంట్ హాస్పిటల్లో ముప్పై రాత్రులు వరసగా, అర్ధరాత్రి పన్నెండుకు, మంచం మంచం లెక్కపెట్టించాను. ప్రతి రాత్రీ ఒక ట్యూటర్, ఒక స్టాఫ్ నర్స్ కలిసి లెక్కపెట్టి సంతకం చేశారు. రిజిస్టరులో రోజుకు 118 మంది అని ఉండేది. మా లెక్కలో సగటు 51. ముగ్గురికి ఒకరు చొప్పున 51 మంది రోగులకు 17 మంది విద్యార్థినులే సరి. ఉదయం పూట వార్డుల్లో 58 మంది తిరుగుతున్నారు.

తర్వాత లేబర్ రూం రిజిస్టరు ఏడాది మొత్తం లెక్కపెట్టాం. కాన్పులు 262. అందులో సిజేరియన్లు 148, మామూలు కాన్పులు 114. ఇది ఈ ఒక్క ఆసుపత్రి వింత కాదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో మొత్తం కాన్పుల్లో 42 శాతం సిజేరియన్లు, ప్రైవేటు ఆసుపత్రుల్లో సగానికి మించి. ప్రైవేటు ఆసుపత్రిని నమ్ముకున్న నర్సింగ్ కాలేజీకి మామూలు కాన్పు నేర్పడం ఏటికేడు కష్టమవుతోంది. ఈ మాట నేను ఏ ఇన్‌స్పెక్షన్ ఫారంలోనూ చూడలేదు.

60 మందికి ఇరవై చొప్పున 1,200 కాన్పులు కావాలి. ఉన్నవి ఏడాదికి 114. ఒక్క బ్యాచ్ చదువు పూర్తికావడానికి పదేళ్ళు పైన పడుతుంది. ఈ లెక్కను తెల్లకాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి కరస్పాండెంట్ గారి ముందు పెట్టాను. ఆయన ఒకప్పుడు సివిల్ కాంట్రాక్టరు. ఇటుకల లెక్క తెలిసిన మనిషికి ఈ లెక్క వెంటనే ఎక్కింది. కాసేపు పలకలేదు. తర్వాత, "ఇదంతా ముందే ఎవరన్నా చెప్పొచ్చు కదా" అన్నారు. చెప్పాల్సిన ఇద్దరు ప్రిన్సిపాళ్ళు ఏడాదికొకరు చొప్పున వెళ్ళిపోయారు. ఎందుకు వెళ్ళిపోయారో కింద చెప్తాను.

పనిచేసినవి

రిజిస్టరులో పుట్టిన వేళ రాసే గడి ఒకటి ఉంటుంది. మామూలు కాన్పుల్లో సగానికి పైగా సాయంత్రం ఐదుకూ ఉదయం ఎనిమిదికీ మధ్య జరిగాయి. మన పిల్లలు ఆ వేళ హాస్టల్లో ఉంటారు. అందుకే లేబర్ రూం పోస్టింగును నలుగురేసి జట్లుగా, మూడు షిఫ్టులుగా మార్చాం. రాత్రి జట్టుతో ట్యూటర్ ఉండాలి, మర్నాడు ఆమెకు సెలవు. తల్లిదండ్రుల్ని పిలిచి మాట్లాడాం. ఆడపిల్లలు రాత్రి డ్యూటీ ఏమిటని కొందరు గట్టిగా అడిగారు. నర్సు ఉద్యోగంలో రాత్రి డ్యూటీ తప్పదు కదా, ట్యూటర్ పక్కనుండగా ఇప్పుడే అలవాటైతే మంచిదన్నాను. ఆసుపత్రి లోపలే రెండు గదులు పడకలతో ఖాళీ చేయించాకే మొదలుపెట్టాం.

రెండోది ప్రభుత్వ ఆసుపత్రులు. ఈసారి పెద్దదాని వెంట పడలేదు. 30 కిలోమీటర్ల లోపు ఒక ఏరియా ఆసుపత్రి, రెండు సామాజిక ఆరోగ్య కేంద్రాలు ఎంచుకున్నాం. ఇవి అప్పట్లో వైద్య విధాన పరిషత్ కింద ఉండేవి, అనుమతి జిల్లా కోఆర్డినేటర్ దగ్గర తీసుకోవాల్సి వచ్చేది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలైతే జిల్లా వైద్యాధికారి (డీఎంహెచ్‌ఓ) దగ్గర. మూడూ కలిపి నెలకు 120 దాకా మామూలు కాన్పులు. వేరే విద్యార్థులూ ఉంటారు కాబట్టి మా వంతు సగమే అనుకున్నా ఏడాదికి 720. మా 114 కలిపితే 834.

ఇక్కడ వచ్చింది అసలు చిక్కు. 834 కాన్పులతో 60 మందికి చాలదు. 40 మందికైతే 800, బొటాబొటిగా సరిపోతుంది. సీట్లను 60 నుంచి 40కి తగ్గించమని మేమే కౌన్సిల్‌కు రాద్దామన్నాను. ట్రస్టులో పెద్ద గొడవైంది. ఏడాదికి ఇరవై సీట్ల ఫీజు మాటలు కాదు. "వాళ్ళు వేయని శిక్ష మనకు మనమే వేసుకోవాలా?" అన్నారొకరు. నా వాదన ఒక్కటే: 60 అని రాస్తే 1,200 చూపించాలి, చూపించలేం, మళ్ళీ దొంగ పుస్తకాలు పుడతాయి. 40 అని రాస్తే ప్రతి కాన్పునూ రిజిస్టరుతో సహా చూపించగలం. మూడు వారాలు నానబెట్టి ఒప్పుకున్నారు.

అప్పటికే చేరిన నాలుగు బ్యాచ్‌లకు ఏం చేయాలన్నది దీనికన్నా బాధపెట్టింది. పాత పుస్తకాల్ని చించి కొత్తవి రాయిద్దామన్నారు. వద్దన్నాను. ఇన్‌స్పెక్టర్లు చూసిన పుస్తకం మాయమైతే అది ఇంకో నేరమౌతుంది. పాత పేజీలు అలాగే ఉంచి, ఎర్ర సిరాతో "చేశాను" అన్నచోట "చూశాను" అని దిద్ది, తేదీ వేసి, ప్రిన్సిపాల్ సంతకం పెట్టింది. ఇరవై అని ఉన్న పిల్లకు మూడు మిగిలాయి. కొందరికి ఒక్కటీ మిగల్లేదు. ఆ పది రోజులు హాస్టల్లో తిండి సరిగా తిన్నవాళ్ళు లేరు.

లోటు తీర్చడానికి సెలవులు అక్కరకొచ్చాయి. సంక్రాంతికి కాలేజీలన్నీ ఊళ్ళకు పోతాయి, కాన్పులు ఎక్కడికీ పోవు. ఆ పదిహేను రోజులూ ఏరియా ఆసుపత్రిలో వేరే విద్యార్థులు లేరు. నాలుగో ఏడాదివాళ్ళలో ఇష్టపడినవాళ్ళను జట్లుగా పంపాం. ఇంటర్న్‌షిప్ వారాల్లోనూ ఎక్కువ భాగం ప్రసూతికే ఇచ్చాం. అందరికీ ఇరవై రాలేదు. ఎవరికెన్ని తక్కువో అంతే రాశాం.

లాగ్ బుక్కుకు ఒకటే నియమం పెట్టాం. ఒక కాన్పుకు చేసినవారు ఒకరు, సాయపడినవారు ఒకరు, మిగతా ఇద్దరు చూసినవారు. ఐపీ నంబరు, పుట్టిన వేళ రాసి, ఆ షిఫ్టు దిగేలోపు లేబర్ రూం సిస్టర్ సంతకం. షిఫ్టు దిగాక సంతకం లేదు. సిస్టర్లు మొదట మాకెందుకీ బాధ అన్నారు. నెల తిరిగేసరికి, పదిమంది బదులు నలుగురే ఉండటంతో వాళ్ళకే హాయిగా ఉందన్నారు.

అధ్యాపకుల సంగతి చివర చెప్తున్నాను కానీ నిజానికి అన్నిటికీ మూలం అదే. ప్రసూతి నర్సింగ్ ఎమ్మెస్సీ చేసిన మనిషి ఎందుకు దొరకడం లేదని అడిగితే జీతం అన్నారు. చిత్తూరు దాటితే వేలూరు, అక్కడి ఆసుపత్రులతో పోటీ, నిజమే. కానీ వెళ్ళిపోయిన ఇద్దరు ప్రిన్సిపాళ్ళకు ఫోన్ చేస్తే ఇద్దరూ జీతం గురించి ఎత్తలేదు. చేరిన రోజే ఒరిజినల్ సర్టిఫికెట్లు తీసుకుని బీరువాలో పెట్టుకోవడం, అడిగితే తిప్పడం, అదీ వాళ్ళ బాధ. బీరువా తెరిచి అందరి సర్టిఫికెట్లు తిరిగివ్వమన్నాను. ఇచ్చిన మర్నాడే సగం మంది పోతారని మేనేజరు భయపడ్డాడు. ఒక్కరు పోయారు. రెండు నెలల్లో ప్రసూతి ఎమ్మెస్సీ ఆమె ఒకరు రిలీవింగ్ ఆర్డరుతో సహా వచ్చి చేరారు.

మళ్ళీ ఇన్‌స్పెక్షన్

రెండో జవాబులో సంజాయిషీలు రాయలేదు. పట్టికలు పెట్టాం: ముప్పై రాత్రుల లెక్క, ఏడాది కాన్పులు, ఏ జట్టు ఏ రోజు ఎక్కడ ఉంటుందో చెప్పే మాస్టర్ రొటేషన్ ప్లాను. ప్రతి పట్టికలో చివరి గడి "ఇంకా ఉన్న లోటు". ఆ గడి వద్దని మేనేజరు పోరాడాడు. నేను పట్టుబట్టింది ఎందుకంటే, మొదటిసారి మన అంకెల్ని వాళ్ళు నమ్మలేదు. మనకు నష్టం చేసే అంకె మనమే చెప్తేనే మిగతా అంకెల్ని నమ్ముతారు.

ఇన్‌స్పెక్షన్‌కు వచ్చిన మేడమ్ కొత్త బొమ్మల వైపు తొంగి చూసి వదిలేశారు. లేబర్ రూం రిజిస్టరులో ఒక ఐపీ నంబరు మీద వేలు పెట్టి, ఆ కేసు చేసిన పిల్లను పిలవమన్నారు. పిల్ల వణుకుతూ వచ్చింది. ఆ తల్లి గురించి చెప్పమన్నారు. "గ్రహణం రోజు మేడమ్. ఆమె కదలకూడదని వాళ్ళత్త మంచం పట్టుకుని కూర్చునింది, బీపీ కూడా తీయనీలేదు. గ్రహణం విడిచాక చూస్తే గర్భద్వారం నాలుగు సెంటీమీటర్లు తెరుచుకుని ఉండె. తెల్లారి నాలుగున్నరకి ఆడబిడ్డ, రెండు కేజీల ఎనిమిది వందలు. మాయ పడేదానికి పన్నెండు నిమిషాలు పట్టింది" అని గుక్క తిప్పుకోకుండా చెప్పింది. మేడమ్ రిజిస్టరు చూసి తలూపి, ఇంకో నంబరు మీద వేలు పెట్టారు. అలా ఆరుగురిని పిలిచారు. ఒకరు తడబడ్డారు.

40 సీట్లకు ఏడాది షరతుతో అనుమతి వచ్చింది. అధ్యాపకుల్లో ఇంకా ఇద్దరు తక్కువని రాశారు, అదీ నిజమే.

ఇప్పుడైతే ఏం చేస్తాను

పిలుపు రాగానే ఫైలు అడగను. లేబర్ రూం రిజిస్టరు, అర్ధరాత్రి సెన్సస్ పుస్తకం, డైట్ రిజిస్టరు అడుగుతాను. మూడూ ఒకే మాట చెప్తే ఆ కాలేజీకి మందు ఉంది. ఒక్కోటి ఒక్కో మాట చెప్తే గడువు పెంచమని కౌన్సిల్‌కు ఉత్తరం రాయించి ఆ తర్వాతే కూర్చుంటాను. అధ్యాపకుల జాబితాలో ప్రతి పేరు పక్కన రిలీవింగ్ ఆర్డరు చూడకుండా సంతకం చేయను. ఈ కేసులో నేను మోసపోయింది అక్కడే.

నిబంధనలు అప్పటి నుంచి మారాయి. 2021లో బీఎస్సీకి సెమిస్టర్ల కొత్త సిలబస్ వచ్చింది. 2023లో 1947 చట్టం స్థానంలో జాతీయ నర్సింగ్, మిడ్‌వైఫరీ కమిషన్ చట్టం చేశారు. కాలేజీల మదింపుకు, రేటింగుకు ప్రత్యేక బోర్డు అందులో ఉంది. ఫారాలు మారతాయి, పోర్టళ్ళు మారతాయి. రేటింగు ఇచ్చేవాళ్ళు ల్యాబు ఫొటోలు చూస్తారో, ఐపీ నంబరు మీద వేలు పెడతారో చూడాలి.

ఆ కరస్పాండెంట్ గారు పోయిన ఏడాది ఫోన్ చేశారు. మళ్ళీ 60 సీట్లకు దరఖాస్తు చేద్దామనుకుంటున్నారట, ఒకసారి వచ్చి ఫైలు చూడమన్నారు. వస్తాను, ముందు ముప్పై రాత్రుల సెన్సస్ పంపండి సార్ అన్నాను. ఇంకా రాలేదు.